గాజు నాళపు టెలివిజనులో బొమ్మను సరిదిద్దుట

ఇంటనుండు విద్యుత్సాధనములలో గాజు నాళపు టెలివిజను పెట్టె కలిగించినన్ని తగవులు వేఱొకటి కలిగించి యుండదు. తండ్రి బొమ్మ బాగుగా వెలుగవలె ననును. తల్లి కన్నులు మండుచున్న వనును. పిల్లలు రంగు చాలలేదని మీట త్రిప్పుదురు. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ అన్నియు తెలిసినవానివలె నన్నిటిని మార్చి, మఱునాటి బండికి వెడలిపోవును. ఈ తగవులో న్యాయ మెవరి పక్షముననున్నదో తేల్చుటకు శాస్త్రమున మార్గము కలదు. ఇది కేవల మభిరుచికి సంబంధించిన విషయమని పలువురు తలంతురు గాని, చాలవఱకు కాదు. బొమ్మను పంపినవారు ఒక నలుపును, ఒక తెలుపును, ఒక రంగును ఉద్దేశించియే పంపుదురు. దానిని వారు పంపినట్లు చూచుటయే మన పని.

ఇప్పుడు అంగళ్లలో పలుచని పలకలవంటి టెలివిజనులు అమ్మబడుచున్నవి. అయినను మీలో కొందఱి తాతగారి యిండ్లలో గాజు నాళపు పెట్టె యింకను బల్లమీద నుండవచ్చును. పాత వీడియో ఆటల యందు ప్రీతి గలవారు వానిని వెదకి కొనుచున్నారు. బొమ్మ తుపాకితో తెరమీది పిట్టలను గుఱిచూచి కొట్టు పాత యాటలు గాజు నాళము మీద సాగినట్లు పలుచని తెరలమీద సాగవు. అట్లు తెచ్చుకొన్న పెట్టె లోకమునకు పాతదే యైనను ఆ యింటికి క్రొత్తదే. దానిని సరిదిద్దుకొను విధమును, అందలి కారణములను ఇచ్చట వివరింతును.

ఈ నాళమును 1897లో జర్మను శాస్త్రజ్ఞుడగు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌను నిర్మించెను. దాని తెరపై దూరమునుండి పంపిన యొక యక్షరమును వెలిగించి చూపినవాడు జపాను దేశీయుడగు కెంజిరో తకయానగి. అది 1926వ సంవత్సరము. మన దేశమున ఢిల్లీ నగరములో 1959 సెప్టెంబరు 15వ తేదీన టెలివిజను ప్రసారము మొదలయ్యెను. 1975లో ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశములోని కొన్ని పల్లెలకు సహితము బొమ్మలు చేరినవి. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము పని ప్రారంభించెను. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన యేట, రంగుల ప్రసారము వచ్చెను. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థవారు చేసిన ఇ.సి. టీవీ పెట్టెలు ఆ దినములలో మనవారికి సుపరిచితములు.

ఇక నాళము లోపల జరుగు పనిని చూతము. నాళపు వెనుకటి సన్నని మెడలో ఒక చిన్న లోహపు ముక్క ఎఱ్ఱగా కాలుచుండును. దానినుండి ఎలక్ట్రానులు వెలువడును. రంగు పెట్టెలో ఇంచుమించు 25,000 వోల్టుల శక్తి వానిని ముందుకు లాగును. అవి గాజు లోపలి వైపునగల ఫాస్ఫరు పూతను తాకినచోట వెలుగు పుట్టును. ఈ కిరణము ఎడమనుండి కుడికి గీతలు గీయుచు పైనుండి క్రిందికి దిగుచుండును. మన దేశపు పద్ధతిలో ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, సెకండునకు 25 బొమ్మలు. అనగా సెకండునకు 15,625 గీతలు. ఈ గీతలను నడపు ట్రాన్సుఫార్మరు అదే వేగమున కంపించుచు సన్నని కూత వేయును. పిల్లల చెవులకు ఆ కూత వినబడును. వయసు మీఱినకొలది పలువురకు వినబడదు. కావున టీవీ కూయుచున్నదని చిన్నవాడు చెప్పినచో, తనకు వినబడలేదన్న కారణమున తండ్రి వానిని కసరరాదు.

ఎలక్ట్రానులు బయలుదేరుచోట గ్రిడ్డు అను భాగము కలదు. దానిని ఒక తలుపుగా భావింపుడు. తలుపు తెఱచినకొలది వెలుతురు హెచ్చును. కేంద్రమునుండి వచ్చు సంకేతము ఈ తలుపును క్షణక్షణము తెఱచుచు మూయుచు నుండును. బ్రైటునెస్సు అను మీట, సంకేతము లేనపుడు తలుపు ఎంత యోరగా నిలిచియుండవలెనో నిర్ణయించును. కాంట్రాస్టు అను మీట, సంకేతము తలుపును ఎంత విసురుగా త్రోయవలెనో నిర్ణయించును. ఈ రెండు పనులును ఒక్కటే యని తలచుటచేతనే యిండ్లలో సగము బొమ్మలు చెడుచుండెను.

పాఠశాలలోని మీకు మార్కుల లెక్క బాగుగా తెలియును గనుక దానితోనే చెప్పెదను. ఒక తరగతిలో నలుగురు బాలురకు 0, 40, 90, 95 మార్కులు వచ్చిన వనుకొనుడు. నూటికి మించి వేయుటకు వీలు లేదు. ఉపాధ్యాయుడు జాలిగొని అందఱికిని 20 మార్కులు కలిపెను. సున్న వచ్చినవానికి 20, రెండవవానికి 60 అయినవి. చివరి యిద్దఱికిని నూఱే. సున్న పోయినది, మొదటివాడెవడో రెండవవాడెవడో తెలియకుండ పోయినది. బ్రైటునెస్సును మితిమీఱి పెంచుట ఇట్టిది. ఇప్పుడు కలుపుటకు మాఱుగా ప్రతివాని మార్కులను ఒకటింబాతిక రెట్లు చేసిన నేమగును? సున్న సున్నగానే యుండును, 40 కాస్త 50 అగును, చివరి యిద్దఱును మరల నూటివద్ద కలిసిపోవుదురు. ఇది కాంట్రాస్టును పెంచుట. మూడవ విధము, అందఱికిని పది మార్కులు తగ్గించుట. అప్పుడు 5 వచ్చినవాడును 10 వచ్చినవాడును ఇద్దఱును సున్నలే. బ్రైటునెస్సును మిక్కిలి తగ్గించినపుడు చీకటి దృశ్యములలోని వస్తువు లన్నియు ఒకే నల్లని ముద్దయగుటకు కారణ మిదియే.

ఇందు మఱియొక చిక్కు కలదు. సంకేతము సగమైనపుడు నాళము ఇచ్చు వెలుతురు సగము కాదు. ఇంచుమించు ఆఱవ వంతు మాత్రమే. కెమెరా వద్దనే దీనికి తగిన సవరణ చేసి పంపుదురు గనుక మామూలుగా మనకు తెలియదు. కాని బ్రైటునెస్సు మీట తప్పినచో ఆ సవరణ తాఱుమాఱగును. ఆ తప్పు మొదట కనబడునది నలుపునకు దగ్గఱి ఛాయలలోనే. కావున సరిదిద్దు పనిని నలుపుతో ప్రారంభింపవలెను.

అంగడినుండి తెచ్చినపుడు పెట్టె యే స్థితిలో నుండెడిదో చెప్పవలసియున్నది. అంగడిలో పదియో ఇరువదియో పెట్టెలు ప్రక్కప్రక్కన వెలుగుచుండును. పైన గొట్టపు దీపములు. అట్టి చోట అన్నిటికంటె మెఱయు బొమ్మయే కొనువాని కన్ను పట్టును. అందుచేత కాంట్రాస్టును, రంగును పైయంచున పెట్టి పంపుట తయారుచేయువారికి వాడుకయయ్యెను. రాత్రివేళ ఒక్క దీపము గల మన గదిలో ఆ మెఱపు దండుగ. కన్నులు అలయుటయే గాక, కిరణము హెచ్చుగా కొట్టినకొలది ఫాస్ఫరు పూతయు, ఎలక్ట్రానులను వెలువరించు లోహపు ముక్కయు త్వరగా అరిగిపోవును. నెలనెల వాయిదాలు కట్టి కొన్న పెట్టె, వాయిదాలు తీరునాటికే మసకబాఱిన నెవరికి కష్టము? కదలని గుర్తు తెర మూలన నిత్యము వెలుగుచుండినచో అది పూతమీద శాశ్వతమైన మచ్చగా నిలిచిపోవుటయు కలదు.

పని మొదలుపెట్టుటకు ముందు పెట్టెను ఇరువది ముప్పది నిమిషములు నడువనిండు. నాళము వేడెక్కువఱకు నలుపు నిలకడగా నుండదు. గదిలో మీరు సాధారణముగా చూచువేళ నుండు దీపమునే యుంచుడు. అది తెరమీద పడకుండ చూచుకొనుడు. పెట్టెను ఆర్పి తెరను ఒక్కసారి పరికింపుడు. అది నలుపు కాదు, బూడిదవన్నె. ఆ గదిలో ఆ వెలుతురులో మీకు దొరకగల మిక్కిలి నల్లని నలుపు అదియే. నాళము వెలుతురును పుట్టింపగలదు గాని చీకటిని పుట్టింపలేదు. కావున కిటికీ తెరయే మొదటి కాంట్రాస్టు మీట యని నేననెదను. 1987లో రామాయణము ఆదివారము ఉదయమున వచ్చుచుండగా, తలుపులు కిటికీలు తెఱచి ఇరుగుపొరుగువారందఱును కూర్చుండి చూచెడివారు. ఆ యెండవెలుతురునకు పెంచిన కాంట్రాస్టును రాత్రి వార్తలవేళ తగ్గించినవారు అరుదు.

తరువాత రంగు మీటను పూర్తిగా తగ్గించి బొమ్మను నలుపు తెలుపులలోనికి తెండు. రంగు కన్నును మోసగించును. అది లేనపుడు వెలుతురు నీడలు స్పష్టముగా తెలియును. నల్లని తలజుట్టు గాని, నల్లకోటు గాని, రాత్రి దృశ్యము గాని తెరమీద నున్నపుడు బ్రైటునెస్సును మెల్లగా పెంచుడు. ఒకచోట నలుపు బూడిదగా మాఱును. అచ్చట ఆగి, ఆ బూడిద పోవునంతవఱకు మాత్రమే వెనుకకు త్రిప్పుడు. జడలోని పాయలు, కోటు మడతలు ఇంకను కనబడవలెను. అవి కనబడక పోయినచో అవసరమునకు మించి తగ్గించితిరన్న మాట.

ఈ సందర్భమున ఒక విషయము చెప్పక మానలేను. పాశ్చాత్య దేశములలో ఛాయాచిత్రపు రంగులను సరిచూచుటకు తెల్లని స్త్రీ ముఖము గల నమూనా పటములనే అనేక దశాబ్దములు వాడిరి. ఆ కొలతకు తెల్లనిచర్మము బాగుగా వచ్చెను. నల్లని ముఖములలో కన్నులు పండ్లు దప్ప తక్కినది మాసిపోయెను. మన యిండ్లలోను తెల్లని కథానాయికను చూచి మీటలు త్రిప్పుట వాడుక. అట్లు చేసిన పెట్టెలో చామనచాయ రైతు, నల్లని గాయకుడు ముఖమే లేనివారగుదురు. అదే పెట్టెను నల్లని ముఖములోని చెక్కిలి వంపు, కనుబొమ్మ క్రింది నీడ తెలియునట్లు సరిదిద్దినచో తెల్లని ముఖమునకు నష్టమేమియు లేదు. కావున నలుపును సరిచూచునపుడు నల్లనివారి ముఖమునే చూడుడు.

ఇక కాంట్రాస్టు. దీనికి తెల్లని వస్తువు కావలెను. వార్తలు చదువువాని తెల్లచొక్కా, పంచెకట్టులోని కుచ్చిళ్లు, కొప్పులోని మల్లెమొగ్గలు మంచి పరీక్షలు. కాంట్రాస్టును పైకి పెట్టి మెల్లగా దించుచు రండు. మొదట చొక్కా తెల్లని కాగితమువలె చదునుగా నుండును. దించగా దించగా మడతలు, బొత్తాములు తేలును. అవి తేలినచోట ఆపుడు. గాజు నాళమునకు ప్రత్యేకమైన గుర్తు మఱియొకటి కలదు. చీకటి దృశ్యమునుండి ఒక్కసారిగా వెలుతురు దృశ్యము వచ్చినపుడు బొమ్మ యంతయు ఉబ్బినట్లు అంచులు బయటికి జరుగుచున్నవా? తెల్లని యక్షరముల అంచులు పొగలవలె వ్యాపించుచున్నవా? కిరణమునకు కావలసినంత శక్తిని యంత్రము ఇయ్యలేక పోవుచున్నదని అర్థము. కాంట్రాస్టును ఇంకను తగ్గింపవలెను. దానిని మార్చినపుడు నలుపు కొంచెము కదలుట కలదు గనుక మరల బ్రైటునెస్సును, మరల కాంట్రాస్టును రెండు మూడు మాఱులు చూచుకొనవలెను.

దూరదర్శనమువారు కార్యక్రమములకు ముందు నిలువు రంగుపట్టీలను చూపుట మీ తలిదండ్రులకు జ్ఞాపకముండును. తెలుపు, పసుపు, లేతనీలము, ఆకుపచ్చ, ఊదా, ఎఱుపు, నీలము, నలుపు అను వరుస అది. పలువురు దానిని ఊరక ప్రొద్దుపుచ్చుటకు పెట్టిన యలంకార మనుకొనెడివారు. రంగు మీటను సున్నకు తగ్గించి చూచినచో అందలి రహస్యము తెలియును. ఆ యెనిమిది పట్టీలును తెలుపునుండి నలుపునకు దిగు మెట్ల వరుసగా మాఱును. ప్రతి మెట్టును ప్రక్కదానినుండి వేఱుగా కనబడవలెను. పై మెట్లు కలిసిపోయిన కాంట్రాస్టు ఎక్కువ. క్రింది మెట్లు కలిసిపోయిన బ్రైటునెస్సు తక్కువ. ఇంత సులభమైన పరీక్షను ఏండ్లతరబడి ఉచితముగా మన యింటికి పంపిరి! ఇప్పుడును డీవీడీ యంత్రము ద్వారా అట్టి పట్టీలను పెట్టి చూచుకొనవచ్చును.

నలుపు తెలుపులు కుదిరిన పిదప రంగును పెంచవలెను. కుంకుమను, ఎఱ్ఱచీరను గుఱుతుగా పెట్టుకొనకుడు. ఈ ప్రసారములలో రంగును గూర్చిన సమాచారము వెలుతురును గూర్చిన సమాచారమంత సూక్ష్మముగా రాదు. అందు ఎఱుపు అందఱికంటె ముందు గట్టుదాటి ప్రక్కకు కాఱును. గడపకు పూసిన పసుపు, అరటియాకు, మనుష్యుని అరచేయి మంచి సాక్షులు. అరటియాకు కొత్తగా రంగు వేసిన తలుపువలె నున్నచో రంగు మించినది.

టింటు అను మీట మాటకు వత్తము. 1953లో అమెరికాలో స్థిరపడిన ఎన్.టి.ఎస్.సి. అను రంగుల పద్ధతిలో సంకేతము దారిలో కొంచెము అటునిటైనచో ముఖములు పచ్చగనో ఊదాగనో మాఱెడివి. దానిని దిద్దుటకు ఆ మీట యవసర మయ్యెను. జర్మనీలో టెలిఫంకెన్ సంస్థయందలి వాల్టరు బ్రూఖ్ 1960 దశకపు తొలినాళ్లలో పాల్ అను పద్ధతిని కల్పించెను. అందు ఒక గీతలో వచ్చిన తప్పును తరువాతి గీతలో తలక్రిందుగా వచ్చు తప్పు కొట్టివేయును. మన దేశము ఆ పద్ధతినే గ్రహించెను. కనుక మన ప్రసారములు చూచునపుడు టింటును త్రిప్పినను సాధారణముగా నేమియు జరుగదు. అమెరికా, జపాను దేశపు డిస్కులు పెట్టినపుడే దానితో పని.

తెలుపు సంగతి విచిత్రమైనది. ఉతికిన పంచెకు నీలిమందు పెట్టినపుడు అది మఱింత తెల్లగా తోచును గదా! పెట్టెలు చేయువారును అట్లే తెలుపులో నీలమును కలిపిరి. ప్రసారమువారు ఉద్దేశించిన తెలుపు 6,500 కెల్విను డిగ్రీలది. పలు పెట్టెలలో ఇది 9,300 వఱకు పోయెను. వార్మ్ అను ఏర్పాటు ఉన్నయెడల దానిని ఎంచుకొనుడు. మొదటిదినము బొమ్మ పాతకాగితమువలె పచ్చగా తోచును. నాలుగు దినములు ఓర్చుకొన్నచో కన్ను అలవాటుపడి, మునుపటిదే నీలముగా నుండెనని గ్రహించును.

షార్పునెస్సు అను పేరు విని దానిని హెచ్చించువారు కలరు. అది లేని వివరమును తేలేదు. ఉన్న అంచుల ప్రక్కన ఒక తెల్లగీత చేర్చును. తెలుగు అక్షరముల తలకట్లకు జంటగీతలు వచ్చినచో దానిని తగ్గింపుడు. కాని ఆంటెనాతో చూచుకాలమున ప్రతి బొమ్మకును కుడిప్రక్క మఱియొక నీడబొమ్మ కనబడుటకు కారణము వేఱు. గోడలను గుట్టలను తాకి ఆలస్యముగా వచ్చిన తరంగమే ఆ నీడ. దానికి మందు మేడమీద ఆంటెనాను త్రిప్పుట గాని, పెట్టె ముందు మీటలను త్రిప్పుట గాదు.

తెర మూలలలో పచ్చని, ఊదారంగు మరకలు పడుట కొందఱి యిండ్లలో చూచియుందురు. రంగు నాళములో పూతకు వెనుక సన్నని చిల్లుల రేకు కలదు. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కిరణములు ఆ చిల్లులలోనుండి తమతమ చుక్కలమీదనే పడవలెను. స్పీకరులోని అయస్కాంతము చేరువనున్నచో రేకు అయస్కాంతమై కిరణములు దారితప్పును. పెట్టెను వేఱొక దిక్కునకు త్రిప్పి పెట్టినను భూమి అయస్కాంతశక్తి చేత కొంత మార్పు రావచ్చును. అందుకే మీట నొక్కగానే ఒక తీగచుట్ట గుంయిమని మ్రోగి రేకును శుద్ధిచేయును. వెంటవెంటనే ఆర్పి వెలిగించిన ప్రయోజనము లేదు. ఆ తీగచుట్టను నడపు భాగము చల్లబడుటకు అరగంట యాగి వెలిగింపవలెను. అయస్కాంతమును తెరకు ఆనించి రంగులు మాఱుట చూచి యానందించు బాలురకు ఇది తెలిసియుండుట మంచిది.

పైన చెప్పిన పని యంతయు ముందువైపు మీటలతో గాని, రిమోటుతో గాని చేయదగినది. వెనుక మూతను విప్పుట మీ పని కాదు, మీ తండ్రిగారి పనియు కాదు. ప్లగ్గు తీసిన పిమ్మటగూడ నాళము ప్రమాదకరమైన విద్యుత్తును నిలువచేసికొని యుండును. అంతియే గాక నాళములో గాలి లేదు. 51 సెంటీమీటర్ల తెరమీద బయటిగాలి మోపు బరువు 1,200 కిలోలకు పైబడి యుండును. మెడ విఱిగిన గాజు లోపలికి కూలి పెంకులు చిమ్మును. పాత పెట్టెను చెత్తలో వేసి రాళ్లు రువ్వుట యాట కాదు. ఆ గాజులో సీసము సహితము కలదు.

అన్నియు కుదిరిన పిమ్మట అంకెలను ఒక కాగితముమీద వ్రాసి పెట్టె ప్రక్కన అంటింపుడు: బ్రైటునెస్సు ఇంత, కాంట్రాస్టు ఇంత, రంగు ఇంత, పగటికి ఇంత, రాత్రికి ఇంత. నాళము వయసు మీఱినకొలది నలుపు మెల్లగా జరుగును గనుక ఆఱునెలల కొకసారి మరల చూచి తేదీతో సహా దిద్దుడు. మేనమామ వచ్చి వెళ్లిన మఱునాడును చూచుకొనుడు.